జంట ఊరు

దూది ఏకే యంత్రం ఆపి, ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి, కాశింబీ గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఎగాదిగా చూసింది. నలభై ఏళ్ళుంటాయేమో ఆవిడకు. భుజాన సంచి, కళ్ళకు అద్దాలు. పేపరువాళ్ళయితే ఈపాటికి ఫోటో తీసి ఉండేవాళ్ళు. ఈవిడ చెప్పులు బయట విడిచి, పిలిచేదాకా అక్కడే నిలబడింది.

"నా పేరు పరిమళ అమ్మా. కర్నూలు నుంచి వచ్చాను. మీ ఆయన కేసు సంగతి మాట్లాడదామని."

"పోలీసోళ్ళా?"

"కాదు. ప్రయోగశాలలో పనిచేస్తాను."

"ఇంకేం ప్రయోగం మేడమ్. మనిషే పాయె," అంది కాశింబీ. అంటూనే పీట వాల్చింది.

కాశింబీ భర్త మస్తాన్ వలీ పరుపులు కుట్టేవాడు. పంట డబ్బులు చేతికొచ్చే రోజుల్లో ఆటోలో యంత్రమూ దూదిబస్తాలూ వేసుకుని నంద్యాల నుంచి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవాడు. పాత పరుపు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. పోయిన చలికాలంలో ఎర్రదిన్నె వెళ్ళినప్పుడు ఎవరో అతని ఆటోను వీడియో తీశారు. దానికి ఎక్కడిదో ఒక పసిబిడ్డ ఏడుపు అతికించారు. "దూదిబస్తాల్లో పిల్లల్ని ఎత్తుకుపోతున్న సాయిబు. మీ ఊళ్ళోనే ఉన్నాడు" అని రాసి 'గలగల' అనే యాప్‌లో పెట్టారు. వలీ ఒక ఇంటి పని ముగించి పక్క వీధికి తిరిగేలోపల ఊళ్ళో ఫోన్లన్నీ గంట కొట్టాయి. జనం మూగారు. బస్తాలు కోసి చూస్తే దూది తప్ప ఏమీ లేదు. బస్తాలు కోసేసరికే వలీకి ఊపిరి లేదు.

పదకొండు మందిని పట్టుకున్నారు. అందరూ బెయిలు మీద బయటికొచ్చారు. గలగల కంపెనీని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

"అనడానికి చట్టం ఉందమ్మా," అంది పరిమళ. "యాప్ వల్ల ఎవరికైనా ప్రాణం మీదికొస్తే కంపెనీ జవాబు చెప్పాలని చట్టం వచ్చి మూడేళ్ళయింది. కానీ కంపెనీవాళ్ళు ప్రతిసారీ ఒకటే మాట అంటారు. మా యాప్ లేకపోయినా ఆ ఊళ్ళో అదే జరిగేది, కాదని రుజువు చెయ్యండి, అని. జరిగింది ఒక్కసారి. జరగకుండా ఆగిపోయిన రోజును ఎవరు చూశారు? ఏ కోర్టులోనూ ఎవరూ రుజువు చెయ్యలేకపోయారు."

"మీరు చేస్తారా?"

"ఎర్రదిన్నెకు ఒక జంట ఊరు కట్టాం. కంప్యూటరులో."

పరిమళ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఎర్రదిన్నె మనుషులు ఒప్పుకుంటే వాళ్ళ ఫోన్లలో ఆ రోజు ఏం చూశారో, ఎక్కడ ఆగారో, ఎవరికి పంపారో అంతా తీసుకుంటారు. తర్వాత ఒక్కొక్కరినీ ప్రయోగశాలలో కూర్చోబెట్టి, దేనికి భయపడతారో, దేనికి కోపం తెచ్చుకుంటారో కొలుస్తారు. దాంతో ఆ మనిషికి ఒక నీడ తయారవుతుంది. నీడలన్నీ జంట ఊళ్ళో కాపురముంటాయి. ఇలాంటి కేసులు చూసే ట్రిబ్యునల్ ఆర్డరు మీద కంపెనీ తన లెక్కలు కూడా ఇవ్వాల్సి వచ్చింది. ఏ వీడియో దగ్గర జనం ఎక్కువసేపు ఆగుతారో దాన్ని ఇంకా ఎక్కువమందికి తోసి, గంట కొట్టి మరీ చూపించే లెక్కలు అవి. కోపం వచ్చిన మనిషి ఫోను పక్కన పెట్టడని కంపెనీకి తెలుసు.

"ఆ గంట ఉంచి ఆ రోజును వెయ్యిసార్లు నడుపుతాం. గంట తీసేసి వెయ్యిసార్లు నడుపుతాం. రెంటికీ తేడా ఎంతో అదే కంపెనీ వాటా."

కాశింబీ ఒళ్ళో పడ్డ దూదిపింజలు ఏరి పక్కన పెట్టింది. "నా దగ్గరికెందుకు వచ్చినారు మరి?" అంది.

"మీ ఆయన ఫోను కావాలి. ఇంకొకటి కూడా అడగాలి. ఊళ్ళో చాలామంది ఒప్పుకున్నారు. ఓబులేసు ఒప్పుకోలేదు. ఆటోకు మొదట అడ్డం పడింది అతనే. అతని నీడ లేకపోతే జంట ఊరు నిలబడదు. నేను మూడుసార్లు వెళ్ళాను, తలుపు వేసేశాడు. మీరు అడిగితే..."

"దీంతో ఆయప్పకు ఏమన్నా మేలు జరుగుతాదా మేడమ్?"

పరిమళ అద్దాలు తీసి తుడుచుకుంది. "జరగొచ్చు. తప్పంతా యాప్‌దే, నన్ను రెచ్చగొట్టారు అని అతని లాయరు వాదించుకోవచ్చు. శిక్ష తగ్గొచ్చు."

కాశింబీ లేచి నిలబడింది. "మా ఆయన్ని కొట్టింది ఫోనా? ఫోనుకు చేతులుండాయా? చంపినోని ఇంటికి పోయి, నువ్వు తప్పించుకోనీకి దోవ చూపిస్తా రా అని నేను పిలవల్లనా? మీరు పోయిరాండి మేడమ్."

పరిమళ తన ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి పీట మీద పెట్టి వెళ్ళిపోయింది.

తర్వాత కాశింబీ తన పనిలో పడిపోయింది. వలీ పోయినప్పటినుంచి యంత్రం తనే నడుపుతోంది. మునుపు అతను ఏకితే తను అంచులు కుట్టేది. ఇప్పుడు రెండూ తనవే. ఊళ్ళు మాత్రం తిరగడం లేదు, పని ఇంటికే వస్తోంది. బడి అయ్యాక పన్నెండేళ్ళ కూతురు మాబున్ని వచ్చి దగ్గర కూర్చుంటుంది.

ఒకరోజు సాయంత్రం పరుపు అంచు కుడుతుంటే ఫోనులో గలగల యాప్ గంట కొట్టింది. కాశింబీ యథాలాపంగా చూసింది. ఒక ఆడమనిషి నెత్తిన స్టీలు గిన్నెల గంప, చేతిలో వెంట్రుకల మూట. వెంట్రుకలు కొని సామాన్లిచ్చే మనిషి. కింద ఏమని రాశారంటే, ఆమె పిల్లలకు మత్తుమందు వాసన చూపిస్తుందని, నంద్యాల శివారుల్లో తిరుగుతోందని.

కాశింబీ సూది కింద పడేసి వీధిలోకి పరుగెత్తింది. అరుగు మీద ఆడుకుంటున్న మాబున్ని రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చి తలుపు గడియ పెట్టింది.

"ఏమైందిమా?" అంది పిల్ల.

గడియ మీద కాశింబీ చెయ్యి అలాగే ఉంది. ఏమైందో ఆమెకు అప్పుడు తెలిసింది. గడియ తీసి గడప మీద కూలబడింది.

మర్నాడు తెల్లవారేసరికి ఆ గంపమ్మను కొట్టారని వీధంతా తెలిసింది. పేరు ఈరమ్మ. పెద్దాసుపత్రిలో ఉందన్నారు. కాశింబీ రెండు బన్నులు, ఒక పాలప్యాకెట్టు కొనుక్కుని వెళ్ళింది. ఈరమ్మ దవడకు కట్టు కట్టి ఉంది, మాట్లాడలేకపోతోంది. పాలు స్ట్రాతో తాగించింది కాశింబీ. తాగుతూ ఈరమ్మ ఈమె ఎవరా అన్నట్టు చూసింది.

"నేనూ నీ వీడియో చూసినా అక్కా," అంది కాశింబీ. "చూసి నా బిడ్డను ఇంట్లో పెట్టి గడియేసినా. నా మొగుడు ఇట్లనే పోయినాడు. అయినా నాకు నీ మీద భయమేసింది. నాకే ఏస్తే ఇంకెవరికి ఏయదు?"

ఈరమ్మ కళ్ళు మూసుకుంది. కాసేపటికి చెయ్యి చాపి కాశింబీ మణికట్టు పట్టుకుంది.

ఆసుపత్రి నుంచి కాశింబీ ఇంటికి వెళ్ళలేదు. బస్టాండుకు వెళ్ళి ఎర్రదిన్నె బస్సు ఎక్కింది. దారిలో పరిమళకు ఫోను చేసి, వలీ ఫోను ఇస్తానని చెప్పింది.

ఓబులేసుకు ఎరువుల అంగడి ఉంది. అరెస్టయిన దగ్గరనుంచి షట్టరు సగం దించే ఉంటోంది. ఇల్లు దాని వెనకే. అతని భార్య సుంకులమ్మ తలుపు తీసి, ఎవరో పోల్చుకుని, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"కాశింబీ నేను. వలీ భార్యను. అన్నతో మాట్లాడాల."

లోపలికి రమ్మనాలో వద్దో సుంకులమ్మకు తోచలేదు. ఆఖరికి పక్కకు జరిగింది. ఓబులేసు మంచం మీద కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, చేతులు లావు, గడ్డం మాసిపోయి ఉంది. ఆమెను చూసి లేవబోయి, లేవలేక అక్కడే ఉండిపోయాడు.

"తిట్టనీకి వచ్చింటే తిట్టుమా," అన్నాడు. "నేనేమీ అన్ను."

"తిట్టనీకి రాలేదు. నిన్ను క్షమిస్తానని చెప్పనీకి కూడా రాలేదు. కర్నూలు మేడమ్ అడిగినట్ల నీ ఫోను ఇయ్యి. పోయి ఆ కుర్చీలో కూర్చో."

"నా లాయరు వద్దన్నాడు. దాంట్లో ఏం తేల్తాదో యావరికి తెల్సు?"

"నీకు మేలే జరగొచ్చంట. మేడమ్ నా మొకం ముందరే చెప్పింది."

ఓబులేసు తలెత్తి చూశాడు. "మేలు జరుగుతాదని తెల్సి వచ్చినావా?"

"నిన్న నంద్యాలలో ఇంకో ఆడమనిషిని కొట్టినారు. రేపు ఇంకో ఊళ్ళో ఇంకొకరు. ఆ గంట ఆగల్ల. అది ఆగాలంటే నువ్వు కావాల్నంట. నాకేమన్నా ఇష్టమై వచ్చినానా అన్నా?" ఆమె కొంగు బిగించుకుంది. "నీకు శిక్ష తగ్గితే తగ్గనీ. నేను ఏడ్చుకుంటా. కానీ గంట ఆగల్ల."

సుంకులమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టింది. కాశింబీ తాగలేదు. ఓబులేసు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎప్పుడు రావల్ల?" అన్నాడు.

ప్రయోగశాల గదిలో పెద్దగా ఏమీ లేదు. ఒక కుర్చీ, చేతులకూ భుజాలకూ అంటించే పట్టీలు, కళ్ళకు కప్పే ఒక తొడుగు. అవతల అద్దం వెనక పరిమళ. తను కూడా చూస్తానని కాశింబీ పట్టుబట్టింది. ఓబులేసు అభ్యంతరం చెప్పలేదు.

"మీరు ఆలోచించి ఏం చేస్తారన్నది మాకు అక్కర్లేదు," అని పరిమళ అతనికి చెప్పింది. "ఇప్పుడు మీరు బాధపడుతున్నారు, ఆలోచిస్తే మంచిగానే చేస్తారు. ఆలోచన వచ్చేలోపల మీ కండరం ఎటు కదలబోయిందో, ఆ మొదటి క్షణం మాత్రమే కొలుస్తాం."

తొడుగు పెట్టారు. ఓబులేసు కళ్ళముందు తన అంగడి, తన వీధి. మొదటిసారి అంతా ఆ రోజు జరిగినట్టే. జేబులో ఫోను గంట. మళ్ళీ గంట. మళ్ళీ. ఏడుస్తున్న బిడ్డ. బయట కేకలు. ఆటో మలుపు తిరిగింది. కుర్చీలో అతని శరీరం మొత్తం ముందుకు విరుచుకుపడింది. తెర మీద అతని కండరాలను కొలిచే గీత పైకి లేచి చాలాసేపు దిగలేదు. కాశింబీ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

రెండోసారి గంట లేదు. వీడియోను అతని తమ్ముడి కొడుకు ఒక్కడే, ఒక్కసారే పంపాడు. వీధిలో జనం లేరు. ఎండలో ఒక కుక్క పడుకుని ఉంది. ఆటో వచ్చి అంగడి ముందు ఆగింది. డ్రైవరు దిగి, "ఏమన్నా, ఈ యేడు పరుపు విప్పల్లనా?" అని అడిగాడు.

ఓబులేసు కుడిచెయ్యి లేచింది.

గీత ఒక్కసారి పైకి లేచి వెంటనే పడిపోయింది. డ్రైవరు చెంప పట్టుకుని, "దూదే అన్నా, కావాలంటే చూడు," అంటూ బస్తా మూతి విప్పాడు. ఓబులేసు వంగి చూశాడు. చెయ్యి కిందికి దిగింది.

తొడుగు తీసి అతను చాలాసేపు తన అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. "ఎవరూ లేరు కదా మేడమ్," అన్నాడు. "ఎవరూ లేకున్నా లేసింది. పోయిన యేడు మా ఇంటి పరుపు కుట్టిచ్చింది ఆయప్పే. మొకం తెల్సు నాకు. అయినా లేసింది."

పరిమళ వచ్చి అతని చేతి పట్టీలు విప్పింది. కాశింబీ అద్దం అవతలినుంచి బయటికి వచ్చి, అతన్ని చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

జంట ఊరు రెండువేలసార్లు నడిచింది. కంపెనీ గంట ఉన్నప్పుడు దాదాపు ప్రతిసారీ జనం మూగారు, దాదాపు ప్రతిసారీ వలీ చనిపోయాడు. గంట తీసేసినప్పుడు ఆ వీడియో రెండు మూడు వీధులు తిరిగి, ఎవరో నవ్వి, ఎవరో తిట్టి, అక్కడే ఆగిపోయింది. ఓబులేసు మాత్రం చాలాసార్లు బయటికొచ్చాడు, చెయ్యి చేసుకున్నాడు. వలీ దెబ్బ తిన్నాడు, మాట పడ్డాడు, ఆటో తిప్పుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఒక మనిషి చావును రోజుకు పదులసార్లు అంకెల్లో చూడటం పరిమళకు తేలిగ్గా లేదు. మొదట్లో ఆ చావు ఒక గీత, దాని చివర ఒక సున్నా. కాశింబీ పెట్టిన పీట మీద కూర్చుని వచ్చాక, సున్నా కనిపించినప్పుడల్లా ఆమె కుర్చీలోంచి లేచి వరండాలోకి వెళ్ళి నిలబడేది.

పరీక్ష ఫలితాల కాగితాలు రెండు పక్షాలకూ అందాక గలగల కంపెనీ లాయరు ఎర్రదిన్నె వచ్చాడు. ఓబులేసు ఇంట్లో కూర్చుని, సుంకులమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ మర్యాదగా మాట్లాడాడు. ఈ పరీక్ష ఓబులేసును దోషిని చేస్తోందని, గంట లేకపోయినా కొట్టేవాడని అందులో రాసి ఉందని, హత్యకేసులో జడ్జి అది చూస్తే అంతే సంగతులని చెప్పాడు. విచారణ మొదలయ్యేలోపల ఎవరైనా తన నీడను వెనక్కి తీసుకోవచ్చునని చట్టంలో ఉంది. ఒక్క సంతకం చాలు. ఆ తర్వాత హైదరాబాదునుంచి మంచి లాయరును పెట్టే బాధ్యత తమది.

లాయరు వెళ్ళాక సుంకులమ్మ, "పెట్టేయ్ సంతకం," అంది. "ఆయమ్మకు మనం చేసింది చాలు. ఇంకా జైలుకు కూడా పోతావా ఆయమ్మ కోసం?"

ఓబులేసు అన్నం తినకుండా అంగడిలోకి వెళ్ళి బస్తాలు ఒక మూలనుంచి ఇంకో మూలకు మార్చుకుంటూ ఉండిపోయాడు.

ట్రిబ్యునల్ కర్నూలులో ఒక పాత ఆఫీసు మేడ మీద జరిగింది. కాశింబీ వెనక వరసలో, తనూ అర్జీ పెట్టుకున్న ఈరమ్మ పక్కన కూర్చుంది. ఓబులేసు వస్తాడో రాడో పరిమళకు కూడా తెలియదు. అతను చొక్కా ఇస్త్రీ చేయించుకుని, గడ్డం గీసుకుని వచ్చాడు. సంతకం పెట్టలేదు.

కంపెనీ లాయరు లేచాడు. "ఓబులేసు గారూ, మా యాప్ గంట కొట్టకపోయినా మీ చెయ్యి లేచిందని ఈ పరీక్షే చెబుతోంది. నిజమేనా?"

"నిజమే సార్."

"అంటే ద్వేషం మీలోనే ఉంది. యాప్ తెచ్చి పెట్టింది కాదు."

"నాలోనే ఉండాది. నాకు తెల్దు ఉన్నట్టు. ఆ కుర్చీలో కూర్చున్నంక తెల్సింది." ఓబులేసు వెనక్కి తిరిగి వెతికాడు. కాశింబీ కనిపించాక ఇటు తిరిగాడు. "ఆయమ్మ ముందరే చెప్తాండా. మొదటి దెబ్బ నాది. దానికి ఏం శిక్ష ఏస్తే అది పడతా."

"అంతే కదా. ఇక మా కంపెనీకి ఏం సంబంధం?"

"నేనొక్కణ్ణే కొట్టింటే ఆయప్ప సచ్చేటోడు కాదు సార్. చెంప రుద్దుకుని ఇంటికి పోయేటోడు. నేను సిగ్గుపడి లోపలికి పోయేటోణ్ణి. బస్తా విప్పి చూసే టైము ఉండేది మాకిద్దరికీ." అతని గొంతు పెద్దది కాలేదు. "నా వెనకమాల వంద మంది వచ్చినారు. వాళ్ళను నేను పిలవలేదు. సగం మంది మొకం కూడా నాకు తెల్దు. వాళ్ళ జేబుల్లో గంట కొట్టింది యావరు?"

లాయరు కాగితాలు తిప్పాడు. ఇంకేదో అడగబోయి, తన పక్కనున్న కంపెనీ మనిషి వైపు చూసి, కూర్చున్నాడు.

న్యాయమూర్తి ఒక పెద్దావిడ. పరిమళను పిలిచి, ఈ యంత్రం తప్పు చెప్పదని ప్రమాణం చెయ్యగలరా అని అడిగింది.

"చెయ్యలేనండి," అంది పరిమళ. "ఒక్కసారి నడిపితే తప్పు చెప్పొచ్చు. రెండువేలసార్లు ఒకే వైపు మొగ్గితే మాత్రం కాదనడం కష్టం. కంపెనీ కూడా తన లెక్కల్ని ఇలాగే పరీక్షించుకుంటుంది, జనం ఎంతసేపు ఫోను చూస్తారో తెలుసుకోడానికి. మేం అదే పద్ధతిలో, జనానికి ఏమవుతుందో చూశాం."

తీర్పు వానాకాలంలో వచ్చింది. మస్తాన్ వలీ మరణానికి గలగల కంపెనీకీ బాధ్యత ఉందని ట్రిబ్యునల్ తేల్చింది. ఎవరిమీదైనా నింద మోపే వీడియోను సరిచూడకుండా తోయడానికి, గంట కొట్టడానికి వీల్లేదంది. కంపెనీ తన లెక్క మార్చినప్పుడల్లా ముందు జంట ఊళ్ళో నడిపి చూపించాలంది. కాశింబీకి, ఈరమ్మకు పరిహారం ఇమ్మంది. కంపెనీ పైకోర్టుకు వెళ్ళింది కానీ గంట మాత్రం ఆ నెలలోనే ఆగింది. కొన్ని వారాల తర్వాత హత్యకేసులో ఓబులేసుకు ఏడేళ్ళు పడింది. జంట ఊరి సంగతి అతని లాయరు వాదించుకోవాలనుకున్నాడు. ఓబులేసే వద్దన్నాడని అందరూ చెప్పుకున్నారు.

కాశింబీకి ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. చాలాకాలం తర్వాత ఆటో బయటికి తీసి తుడిచింది.

పైకోర్టులోనూ తీర్పు నిలిచి కేసు ముగిసింది గనుక నీడలన్నీ చెరిపెయ్యాలి. చెరిపే ముందు కుటుంబానికి చెప్పాలని నియమం. పరిమళ కాశింబీకి కబురు చేసి ప్రయోగశాలకు పిలిపించింది. వలీ నీడ ఒక్కటే మిగిలింది. మిగతావన్నీ చెరిపేసినా దాని దగ్గరికి వచ్చేసరికి పరిమళ చెయ్యి ఆడలేదు.

"గంట లేని ఊళ్ళో ఆయన ఇంటికి చేరిన రోజులు వందలకొద్దీ ఉన్నాయమ్మా," అంది. "చూస్తానంటే చూపిస్తాను."

"ఇంటికి వచ్చి ఏం చేసినాడు మేడమ్?"

"అది యంత్రానికి తెలియదు. ఫోనులో ఉన్నదే దానికి తెలుస్తుంది. ఆయన పొద్దుగూకి ఇంటికి రాగానే ఫోను పక్కన పెట్టేసేవాడు. మళ్ళీ పడుకునే ముందే ముట్టుకునేవాడు. మధ్యలో ఏమీ లేదు. అక్కడంతా ఖాళీ."

"ఖాళీ యాడిది మేడమ్," అంది కాశింబీ. పరిమళ ఎన్నడూ చూడని నవ్వు ఆమె ముఖం మీదికి వచ్చింది. "మాబున్నితో గవ్వలేసి పచ్చీసు ఆడేటోడు. ఓడిపోతాండా అనుకుంటే గవ్వ తీసి తొడకింద పెట్టుకునేటోడు. పిల్ల కనిపెట్టి కేకలేసేది. ఇద్దరూ కొట్లాడి నా దగ్గరికి వచ్చేటోళ్ళు తీర్పు చెప్పమని. రోజూ అంతే."

"ఎవరి పక్షం చెప్పేవాళ్ళు మీరు?"

"పిల్ల పక్షమే. దొంగాట ఆయనదే కదా."

పరిమళ కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

కాశింబీ తెర వైపు ఒకసారి చూసింది. అందులో గీతలు, అంకెలు తప్ప ఆమెకు తెలిసిన మనిషి ఎవరూ కనిపించలేదు.

"తుడిచేయండి మేడమ్," అంది. "రెండు గంటలకు బస్సుండాది. పిల్ల బడినుంచి వచ్చే యాళకు ఇంట్లో ఉండల్ల."